36 ఏళ్లుగా సాగు చేస్తున్నాడని పొలం మొత్తం మామయ్యదే అయిపోతుందా?

తెనాలి_అమ్మాయి
తాతగారు (అమ్మ వాళ్ల నాన్న) 1968లో తెనాలి దగ్గర పల్లెలో 3 ఎకరాల 20 సెంట్ల మాగాణి కొన్నారు. 1989లో పోయారు, వీలునామా రాయలేదు. అమ్మమ్మ 2003లో పోయింది. పిల్లలు నలుగురు: పెద్దమామయ్య, అమ్మ, చిన్నమామయ్య, పిన్ని. పెద్దమామయ్య ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లి అక్కడే స్థిరపడి 2011లో పోయారు. అమ్మ పెళ్లి 1981లో, పిన్ని పెళ్లి 1992లో అయ్యాయి. చిన్నమామయ్య ఒక్కడే ఊళ్లో ఉన్నాడు. తాతగారు పోయినప్పటి నుంచి పొలం ఆయనే చేస్తున్నాడు, వరి కోశాక మినుము. మేం ఏనాడూ కౌలు అడగలేదు, లెక్కా అడగలేదు.

ఈ మధ్య ఊరి పక్క నుంచి రోడ్డు పడుతుందని సెంటు ధర బాగా పెరిగింది. మామయ్య ఎకరం బేరం పెట్టాడని పిన్నికి బయటివాళ్ల ద్వారా తెలిసింది. అమ్మ ఫోన్ చేసి "ఏంట్రా, మాతో ఒక్క మాట అనాలనిపించలేదా" అంది. "పాస్‌బుక్కు నా పేరునే ఉందక్కా. 36 ఏళ్లుగా నేనే దున్నుతున్నా. 12 ఏళ్లు దాటితే నాదేనని ప్లీడరు చెప్పాడు" అన్నాడట.

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. మాకు తిండికి లోటేం లేదు. కానీ "నీకేం లేదు" అనే మాట తమ్ముడి నోటి నుంచి వినాల్సి వచ్చింది కదా, అదే ఆవిడ బాధ. నిజంగా 12 ఏళ్లు దాటితే అంతేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_గట్టు
పాస్‌బుక్కు వాళ్ల చేతిలో ఉంటే కష్టమేనండి. మా వైపు కూడా 12 ఏళ్లు దాటితే పోయినట్టే అంటారు.

ఒంగోలు_గిత్త
అమ్మగారి పెళ్లి 1981 అన్నారు కాబట్టి ఆవిడకు రాదు. ఎన్టీఆర్ తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకే కదా. పిన్నిగారికి వస్తుంది. మా ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగింది. పెద్దత్తకు సున్నా, చిన్నత్తకు వాటా. ఇద్దరూ ఈరోజుకీ మాట్లాడుకోరు.

పల్నాడు_పత్తి
గిత్తగారూ, మీరు 1985 దగ్గరే ఆగిపోయారు. 2005లో కేంద్రం చట్టం మార్చింది. పెళ్లైందా కాలేదా అన్న తేడా పోయింది.

ఒంగోలు_గిత్త
2005 నాటికి తండ్రి బతికుండాలి అన్నారుగా. వీళ్ల తాతగారు 1989లోనే పోయారు.

కృష్ణలంక_కుర్రాడు
అది 2015 నాటి తీర్పు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చేసింది. కూతురికి పుట్టుకతోనే హక్కు, తండ్రి 2005లో బతికుండాలన్న షరతు లేదు అన్నారు. 2004 డిసెంబరు 20 లోపు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే మాత్రం దాన్ని తిరగదోడరు.

గోదారి_గట్టు
నోటిమాటతో పంచుకున్నాం అంటే?

కృష్ణలంక_కుర్రాడు
ఉత్త నోటిమాట చాలదు. ఎవరికి వారు వేరువేరుగా శిస్తు కట్టుకున్నట్టు, పాస్‌బుక్కులు తీసుకున్నట్టు ప్రభుత్వ కాగితాలు గట్టిగా ఉంటే ఎప్పుడో ఒకసారి ఒప్పుకుంటారు.

నల్లకోటు
అందరూ 1985, 2005 అంటూ కొట్టుకుంటున్నారు గానీ, మొదటి పోస్టులో మొదటి వాక్యం ఎవరూ పట్టించుకోలేదు. ఆ పొలం తాతగారు "కొన్నారు". ఆయన స్వార్జితం. మీరు చెప్పుకుంటున్న సవరణలన్నీ పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తికి సంబంధించినవి. స్వార్జితం ఉన్న హిందూ మగవాడు వీలునామా లేకుండా పోతే 1956 వారసత్వ చట్టంలోని 8వ సెక్షన్ వర్తిస్తుంది. భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి బతికుంటే తల్లి, అందరికీ సమానంగా వస్తుంది. కూతురికి పెళ్లైందా, ఎప్పుడైంది అన్న ప్రశ్నే లేదు. ఈ హక్కు 1956 నుంచీ ఉంది. కొత్తగా ఎవరూ ఇచ్చింది కాదు.

లెక్క చెప్తాను. 1989లో తాతగారి తల్లి లేరనుకుందాం. అమ్మమ్మగారు, నలుగురు పిల్లలు, మొత్తం ఐదు వాటాలు. 2003లో అమ్మమ్మగారు పోయాక ఆవిడ వాటా నలుగురు పిల్లలకూ సమానంగా చేరుతుంది. అంటే ఒక్కొక్కరికి నాలుగో వంతు. 320 సెంట్లలో 80 సెంట్లు మీ అమ్మగారివి. పెద్దమామయ్యగారి 80 ఆయన భార్యాపిల్లలవి.

తాతగారు ఆ పొలం తన సొంత డబ్బుతో కొన్నారా, లేక వాళ్ల నాన్నగారి ఆస్తి అమ్మి ఆ డబ్బుతో కొన్నారా? అవతలి వకీలు మొదట పట్టుకునేది దీన్నే. ముందు అది చెప్పండి.

తెనాలి_అమ్మాయి
తాతగారు రైస్‌మిల్లులో గుమస్తా. వాళ్ల నాన్నకు సెంటు భూమి కూడా లేదని, జీతంలో మిగిల్చి, అమ్మమ్మ గొలుసు అమ్మి కొన్నారని అమ్మ చెప్తుంది. తాతగారి అమ్మ అంతకుముందే పోయింది. నాలుగో వంతు అని చదవగానే నాకు ఊపిరి ఆడింది. అయితే ఆ 12 ఏళ్ల సంగతి?

నల్లకోటు
సాయంత్రం రాస్తాను. కోర్టులో ఉన్నాను.

చెలక_మల్లన్న
మాది నల్గొండ దిక్కు. పాస్‌బుక్కు సంగతి నేను చెప్తా. మా నాయన వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు, 9 ఎకరాల చెలక. పహాణీలో (ఊరి సాగు రికార్డు) పెద్ద బాపు పేరొక్కటే నడిచింది, ఎవరూ పట్టించుకోలేదు. 2018లో రైతుబంధు వచ్చింది, ఎకరానికి 4 వేలు. పైసలన్నీ పెద్ద బాపు ఖాతాలో పడ్డాయి. అప్పటిదాకా ఒక్క కంచంలో తిన్నవాళ్లు ఆ రోజు లెక్కలు తీశారు. 2020లో ధరణి (ఆన్‌లైన్ భూరికార్డులు) వచ్చినంక పాత కాగితాలు పట్టుకొని ఎమ్మార్వో ఆఫీసుకు పోతే "మా చేతిలో ఏం లేదు, కోర్టుకు పోండి" అన్నారు. ఇప్పుడు భూభారతి చట్టం వచ్చింది, మళ్లీ దరఖాస్తు పెట్టినం. కాబట్టి చెల్లే, పాస్‌బుక్కులో పేరు లేదని భయపడకు. అట్లని నిద్రపోకు కూడా.

పల్నాడు_పత్తి
పాస్‌బుక్కు, 1బీ, అడంగల్ ఇవన్నీ శిస్తు వసూలుకు, సాగు లెక్కలకు పుట్టిన రికార్డులు. వాటిలో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, పేరు లేనంత మాత్రాన హక్కు చావదు. ఇది కోర్టులు ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు.

గోదారి_గట్టు
మరి కొనేవాడు పాస్‌బుక్కు చూసే కదండీ కొంటాడు.

పల్నాడు_పత్తి
అందుకే కదా గొడవలు.

ఊళ్లో_మిగిలినవాణ్ణి
నేను మీ మామయ్య వైపు మనిషిని. తిట్టినా సరే, రాస్తాను.

మేం ముగ్గురం. అన్నయ్య బెంగళూరు, అక్క విజయవాడ. నేను డిగ్రీ ఫెయిలై ఊళ్లో ఉండిపోయాను. నాన్నకు పక్షవాతం వచ్చి 7 సంవత్సరాలు మంచంలో ఉన్నారు. పక్క మార్చింది, స్నానం చేయించింది నేను, మా ఆవిడ. 90 తుపానుకు పొలంలో ఇసుక మేట వేస్తే అప్పు చేసి తీయించాను. బోరు నాది, మోటారు నాది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు కోసిన ఓదెలు నీళ్లలో తేలుతుంటే నడుముల్లోతు నీటిలో దిగి లాగాను. ఆ రోజు అన్నయ్య ఫోన్ చేసి "టీవీలో చూశాం, జాగ్రత్త" అన్నాడు. అంతే.

ధర పెరిగాక అందరికీ వాటా గుర్తొచ్చింది. చట్టం ఏం చెప్తుందో నాకు తెలుసు, వాళ్లకి ఇస్తాను కూడా. కానీ ఆ 30 ఏళ్ల చాకిరీ ఏ సెక్షన్‌లో ఉందో నల్లకోటుగారు చెప్పాలి. మీ అమ్మగారి తమ్ముడు ఆ మాట అన్నది తప్పే. ఆ మాట వెనకాల ఏముందో కూడా ఒకసారి చూడండి తల్లీ.

చెలక_మల్లన్న
అన్నా, నీ పోస్టు రెండుసార్లు చదివిన.

గుడివాడ_శారద
ఊళ్లో మిగిలినవాళ్ల కష్టం నేను కాదనను. కానీ 30 ఏళ్ల పంట కూడా మీరే తిన్నారు కదా అన్నయ్యా. కౌలుకు ఇచ్చి ఉంటే ఎకరానికి ఏటా ఇన్ని బస్తాలని మీ అక్కకు రావాల్సింది. ఆవిడ అడగలేదు. అడగకపోవడం కూడా ఆవిడ పెట్టిన పెట్టుబడే.

ఊళ్లో_మిగిలినవాణ్ణి
ఆ మాట ఒప్పుకుంటాను అమ్మా. అక్క ఎప్పుడూ అడగలేదు.

ఒంగోలు_గిత్త
కట్నం సంగతి ఎవరూ మాట్లాడరేం? ఆడపిల్లకు కట్నం, బంగారం, లాంఛనాలు అన్నీ ఇచ్చాక మళ్లీ వాటా అంటే మగపిల్లాడికి ఏం మిగులుతుంది?

గుడివాడ_శారద
కట్నం ఎవరికి ఇచ్చారు గిత్తగారూ? మా మామగారి చేతిలో పెట్టారు. ఆయన దాంతో మా ఆడపడుచు పెళ్లి చేశారు. నా చేతికి వచ్చింది పెళ్లిచీర. 1961 నుంచి కట్నం తీసుకోవడం, ఇవ్వడం రెండూ నేరం. నేరంగా ఇచ్చిన డబ్బును వాటా కింద ఎలా చెల్లు పెడతారు?

ఇక నా సొంత సంగతి. నాన్న పోయిన ఏడో నెలలో అన్నయ్య కారు పంపాడు, "చిన్న సంతకం ఉందమ్మా, రా" అని. రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఒళ్లో కవరు పెట్టారు. అందులో ఆకుపచ్చ పట్టుచీర, అర డజను గాజులు, పసుపు కుంకుమ పొట్లాలు. దస్తావేజు రాసిన ఆయన గబగబా చదివేశాడు, సగం అర్థం కాలేదు. బొటనవేలికి సిరా పూసి నొక్కించారు. ఆ సిరా తుడుచుకోవడానికి ఏమీ కనపడక చీర కవరుకే తుడిచాను. రెండెకరాలకు హక్కు విడుదల పత్రం రాసిచ్చానని ఇంటికొచ్చాక మా ఆయన చెప్తే తెలిసింది. ఆ చీర ఇప్పటివరకూ కట్టలేదు. ఎవరికీ ఇవ్వనూ లేదు.

తెనాలి అమ్మాయ్, మీ అమ్మగారు ఇప్పటిదాకా ఎక్కడైనా సంతకం పెట్టారా? ముందు అది కనుక్కో.

పల్లె_వెలుగు
శారదగారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

తెనాలి_అమ్మాయి
అమ్మను అడిగాను. ఎక్కడా సంతకం పెట్టలేదు. పిన్ని కూడా పెట్టలేదు. 2003లో అమ్మమ్మ పెద్దకర్మ రోజున మామయ్య ఏదో తెల్లకాగితం తెస్తే పెద్దమామయ్య "ఇప్పుడు కాదులేరా" అని చింపేశారట.

నల్లకోటు
మంచి పని చేశారు ఆయన. ఇప్పుడు 12 ఏళ్ల సంగతి.

అడ్వర్స్ పొసెషన్ అంటే ఉత్తగా దున్నుకోవడం కాదు. "ఇది నీది కాదు, నాది" అని అసలు హక్కుదారుకి ఎదురు నిలబడి, అందరికీ తెలిసేలా, ఆగకుండా 12 ఏళ్లు ఉండాలి. బయటివాడి విషయంలో ఆ లెక్క వేరు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు సహవాటాదారులు. వాళ్లలో ఒకరు పొలం చేస్తుంటే మిగతావాళ్ల తరఫున కూడా చేస్తున్నట్టే చట్టం చూస్తుంది. 1956లో సుప్రీంకోర్టు పి. లక్ష్మీరెడ్డి కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. ఒక వాటాదారు రెండో వాటాదారుని బాహాటంగా వెళ్లగొట్టి, అది వాళ్లకు తెలిసిన రోజు నుంచే గడియారం మొదలవుతుంది. ఒక్కడే పంట తిన్నాడు, మిగతావాళ్లు అడగలేదు అన్నంత మాత్రాన మొదలవదు. లిమిటేషన్ చట్టంలో 110వ ఆర్టికల్ కూడా ఇదే చెప్తుంది. ఉమ్మడి ఆస్తిలోంచి తనను తప్పించారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లు.

2019లో రవీందర్ కౌర్ కేసులో, ఇలా హక్కు సంపాదించినవాడు ప్రతివాదిగానే కాదు, తానే దావా వేసి కూడా అడగొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. మీ మామయ్య ప్లీడరు దాన్ని చూపిస్తాడు. కానీ ముందు హక్కు సంపాదించానని నిరూపించాలి కదా, ఆ భారం మామయ్య మీదే ఉంటుంది.

కాబట్టి అసలు ప్రశ్న ఒక్కటే. మీ మామయ్య ఇన్నేళ్లలో అమ్మగారికి వాటా ఉందని ఎప్పుడైనా ఒప్పుకున్నట్టు ఏమైనా ఉందా? పంటలో ఏమైనా పంపేవాడా? ఉత్తరం, మనియార్డరు, బ్యాంకు జమ, ఏదైనా.

తెనాలి_అమ్మాయి
బియ్యం పంపేవాడు! ప్రతి సంక్రాంతికి ముందు రెండు బస్తాల బియ్యం, ఒక మూట మినుములు. మా చిన్నప్పుడు లారీ ఆఫీసుకు నాన్నతో వెళ్లి రిక్షాలో తెచ్చుకునేవాళ్లం. గోతాం మీద నీలం సిరాతో అమ్మ పేరు రాసి ఉండేది. 2016 సంక్రాంతికి ఆగిపోయాయి. అంతకుముందు ఏడాది మామయ్య కూతురి పెళ్లిలో భోజనాల దగ్గర మా నాన్నకు ఏదో మాట పడింది, అక్కడ చెడింది.

ఉత్తరాలు ఉన్నాయేమో చూడాలి. అమ్మ ట్రంకుపెట్టె అటక మీద ఉంది.

పల్లె_వెలుగు
ఆ మినుములతో చేసిన సున్నుండలు గుర్తున్నాయా? మా అమ్మమ్మ వాళ్లు కూడా మాకు ఇలాగే పంపేవాళ్లు. ఇప్పుడు ఎన్ని కేజీలు కొన్నా ఆ రుచి రాదు.

తెనాలి_అమ్మాయి
గుర్తులేకపోవడమేంటండీ. పొట్టు మినుములు కదా, ఉండలు నల్లగా ఉండేవి. స్కూల్లో పిల్లలు వెక్కిరిస్తే ఏడ్చి, ఇంటికొచ్చి మళ్లీ అవే తినేదాన్ని.

డల్లాస్_తెలుగోడు
ఇక్కడ నుంచి కేసు నడిపినవాడిగా రెండు మాటలు. నాన్నగారి ఇల్లు, రెండెకరాలు బాబాయి అధీనంలో ఉన్నాయి. నేను కాన్సులేట్‌లో జీపీఏ (నా తరఫున వ్యవహారం నడిపే అధికారపత్రం) చేయించి బావకు పంపాను. అది ఇండియాకు చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి. బావ మర్చిపోయాడు, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. 2012లో పార్టిషన్ సూట్ (విభజన దావా) వేశాం. 2019లో ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది. ఎవరికి ఎంత అని తేల్చారు, అంతే. ఏ ముక్క ఎవరికి అనేది ఫైనల్ డిక్రీలో. దానికి అడ్వొకేట్ కమిషనర్ వచ్చి కొలవాలి. అది ఇంకా నడుస్తోంది. ఈలోపు బాబాయి పోయారు. కడసారి చూడ్డానికి కూడా రాలేకపోయాను. వచ్చినా ఏ ముఖంతో వచ్చేవాణ్ణి.

రాజీకి చిన్న దారి కనపడినా వదలొద్దు.

చెలక_మల్లన్న
13 ఏళ్లా!

కృష్ణలంక_కుర్రాడు
రాజీ అంటే తెల్లకాగితం మీద పెద్దమనుషుల సంతకాలు కాదని కూడా చెప్పండి. మా తాతల నాటి పారీఖత్తు (పంపకం కాగితం) అలాగే ఉంది, చెల్లదని బ్యాంకువాళ్లు పక్కన పడేశారు.

నల్లకోటు
అవును. రాజీ కుదిరితే రెండు మంచి దారులున్నాయి. ఒకటి, అందరూ కలిసి భాగపరిష్కార దస్తావేజు రాసుకొని రిజిస్టరు చేయించుకోవడం. రెండోది లోక్ అదాలత్. అక్కడ అవార్డు అయితే కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కేసు వేశాక అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇస్తారు. ఇంకో ముఖ్యమైన మాట. లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మండల స్థాయిలోనే కమిటీ ఉంటుంది. మీ అమ్మగారు, పిన్నిగారు ఇద్దరూ దరఖాస్తు పెట్టొచ్చు.

కేసే వేయాల్సి వస్తే నలుగురి వాటాదారుల్లో ఒక్కరినీ వదలొద్దు. పెద్దమామయ్యగారి భార్యాపిల్లలు కూడా ఉండాలి. ఇల్లు, దొడ్డి ఏమున్నా అన్నీ దావాలో చూపాలి, ఒక్క పొలం చూపి మిగతావి వదిలేస్తే అవతలివాళ్లు అక్కడే పట్టుకుంటారు. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామని దావా వేస్తే కోర్టు ఫీజు కొద్ది మొత్తమే. మమ్మల్ని వెళ్లగొట్టారు అని రాస్తే వాటా విలువ మీద కట్టాలి. ఆ ఒక్క వాక్యం ఎలా రాస్తారనేది మీ వకీలుతో కూర్చుని ఆలోచించండి.

ఊళ్లో_మిగిలినవాణ్ణి
నా ప్రశ్నకు జవాబు రాలేదు నల్లకోటుగారూ.

నల్లకోటు
క్షమించాలి, మర్చిపోలేదు. తల్లిదండ్రులకు చేసిన సేవకు వాటా పెంచే సెక్షన్ ఏదీ లేదు. కానీ మీరు సొంత డబ్బుతో వేసిన బోరు, తీయించిన మేట, కట్టిన షెడ్డు, వీటి విలువ సర్దుబాటు చేయమని విభజన దావాలోనే అడగొచ్చు. బోరు ఉన్న ముక్క మీకే కేటాయించమని కూడా అడగొచ్చు. సాధారణంగా కోర్టులు దీన్ని పట్టించుకుంటాయి. బిల్లులు, అప్పు కాగితాలు దాచుకున్నారా?

ఊళ్లో_మిగిలినవాణ్ణి
బోరు బిల్లు ఉంది. సొసైటీ అప్పు కాగితాలు ఉన్నాయి. ఆస్పత్రివి నాన్న పోయిన రోజే పొయ్యిలో వేశాను.

గుడివాడ_శారద
అన్నయ్యా, మీ అక్కయ్య ఈ పోస్టులు చదవాలి. ఆవిడకు పంపండి.

గోదారి_గట్టు
నేను మొదట్లో "పోయినట్టే" అని రాశాను. తప్పు రాశాను, తెలియక. తెనాలి అమ్మాయిగారూ, ఏమీ అనుకోకండి.

తెనాలి_అమ్మాయి
ఉత్తరాలు దొరికాయి.

నిన్న రాత్రి పెట్టె దింపాం. పాత పట్టుచీరల అడుగున, గుడ్డ సంచిలో పదకొండు ఇన్‌లాండ్ ఉత్తరాలు. అన్నీ మామయ్య రాతే, అక్షరాలు కుడివైపుకు వాలి ఉంటాయి. 1998 జనవరి ముద్ర ఉన్నదాంట్లో ఇలా ఉంది: "అక్కకు నమస్కారములు. నీ వాటా బియ్యం రెండు బస్తాలు లారీలో వేశాను. ఈసారి దోమపోటు వల్ల దిగుబడి తగ్గింది, మినుములు తక్కువగా పంపుతున్నాను, ఏమీ అనుకోవద్దు. అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గలేదు. నువ్వొస్తే బాగుండునంటోంది."

"నీ వాటా" అని తనే రాశాడు. నేను గట్టిగా చదివి వినిపించాను. అమ్మ ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, వాటా దగ్గర ఆగలేదు, చివరి వాక్యం మళ్లీ మళ్లీ చదువుకుంది. ఆ ఏడాది సంక్రాంతికి మా తమ్ముడి పరీక్షలని మేం ఊరెళ్లలేదు.

చెలక_మల్లన్న
ఏం రాయాలో తెలుస్తలేదు చెల్లే.

పల్నాడు_పత్తి
ఆ ఉత్తరాలు బంగారం. వెంటనే ఫొటోలు తీసి పెట్టండి. పోస్టు ముద్ర తేదీ కనపడేలా.

నల్లకోటు
చాలా బలమైన ఆధారం. 1998లో "నీ వాటా" అని రాసినవాడు 1989 నుంచీ ఎదురుగా నిలబడి ఏలుతున్నానని చెప్పలేడు. బియ్యం ఆపేసిన 2016నే వెళ్లగొట్టిన రోజుగా అవతలివాళ్లు చూపించినా, 12 ఏళ్లు నిండేది 2028 సంక్రాంతికి. నా దృష్టిలో గడియారం మొదలైంది మొన్నటి ఫోన్ కాల్‌తోనే. అయినా 2028 దాకా ఆగొద్దు.

ఈ వారంలో చేయాల్సినవి: 1968 దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ, అప్పటి నుంచి ఇప్పటివరకు ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), తాతగారి, అమ్మమ్మగారి మరణ ధ్రువపత్రాలు. మామయ్య పాస్‌బుక్కులో పేరు ఏ సంవత్సరంలో ఎక్కింది, ఏ కాగితం చూపించి ఎక్కించారు అనేది తహసీల్దార్ ఆఫీసులో సమాచార హక్కు కింద అడగండి. ఎకరం బేరం నిజంగా నడుస్తుంటే, కొనేవాళ్లకు అమ్మగారి వాటా ఉందని వకీలు నోటీసు ఇప్పించండి. తెలిసి కొన్నవాడు తర్వాత "తెలియక కొన్నా" అనలేడు. దావా పడ్డాక అమ్మినా, ఆ అమ్మకం కోర్టు తీర్పుకు లోబడే ఉంటుంది.

ఒంగోలు_గిత్త
నోటీసు ఇస్తే ఇక మాటలు ఉండవు, కేసే. ముందు ఒకసారి వెళ్లి కూర్చోండి. నేను కట్నం అన్నందుకు శారదగారు కోప్పడ్డారు, అందులో న్యాయం ఉంది. మా పెద్దత్తకు ఫోన్ చేశాను నిన్న. మా తాతది కూడా కొన్న పొలమేనట. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. నాన్నతో మాట్లాడాలి.

గుడివాడ_శారద
గిత్తగారూ, తప్పకుండా మాట్లాడండి. పెద్దత్తగారి దగ్గరకు మీరే స్వయంగా వెళ్లండి, ఫోన్లో కాదు.

ఊళ్లో_మిగిలినవాణ్ణి
తెనాలి తల్లీ, ఒక మాట చెప్తాను వింటావా. వెళ్లేటప్పుడు ఉత్తరం చూపించి "ఇదిగో రాశావు, ఇప్పుడు ఏమంటావు" అని నిలదీయకండి. మగవాడు నలుగురిలో దొరికిపోతే ఇంకా మొండికేస్తాడు. మీ అమ్మగారిని ఒక్కదాన్నే తమ్ముణ్ణి పొలం గట్టుకు తీసుకెళ్లమను. ఇంట్లో మా ఆవిడ ముందు, పిల్లల ముందు నేనైతే ఒప్పుకోను. గట్టు మీద ఒప్పుకుంటాను.

తెనాలి_అమ్మాయి
మీ మాట అమ్మకు చదివి వినిపించాను. తలూపింది.

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. సర్టిఫైడ్ కాపీ వచ్చింది, దస్తావేజులో తాతగారి పేరు ఒక్కటే ఉంది. ఈసీలో అమ్మకాలేమీ లేవు, అంటే బేరం ఇంకా రిజిస్ట్రేషన్ దాకా వెళ్లలేదు. హైదరాబాద్ అత్తయ్య కూడా మాతో కలుస్తానంది. ఆవిడ మామయ్యకు ఫోన్ చేస్తే మొదట కసురుకున్నాడట. తర్వాత "అక్క ఎలా ఉంది" అని అడిగాడట.

ఆదివారం వెళ్తున్నాం. బోరు ఉన్న వైపు మామయ్యకే వదిలేద్దామని, సెంట్లలో అటూ ఇటూ అయినా పట్టుబట్టొద్దని అమ్మ, పిన్ని అనుకున్నారు. కానీ వాటా మాత్రం కాగితం మీదకు రావాల్సిందేనని అమ్మ గట్టిగా అంది. ఇంత గట్టిగా అమ్మ మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. పొద్దుటి నుంచీ వంటింట్లో మినుములు వేయిస్తోంది, తమ్ముడికి సున్నుండలు ఇష్టమని.

పల్లె_వెలుగు
పొట్టు మినుములేనా?

తెనాలి_అమ్మాయి
పొట్టువే. బజారంతా తిరిగి తెచ్చాం.

నల్లకోటు
జెరాక్సులు రెండు సెట్లు పట్టుకెళ్లండి. ఒరిజినల్ ఉత్తరాలు మాత్రం ఇంట్లో బీరువాలోనే ఉంచండి. అక్కడ ఏ కాగితం ఇచ్చినా ఎవరూ సంతకం పెట్టొద్దు, నాకు ఒకసారి చూపించండి.